షాంపూ పుట్టుపూర్వోత్తరాలు

"తలంటి పోసుకున్నావా?" అని అడిగే కాలం వెళ్ళిపోయి, "షాంపూ చేసుకున్నావా?" అని అడిగే కాలం వచ్చి చాలా ఏళ్ళయింది. రైలు, టిక్కెట్టు, కోర్టు, కాఫీ హోటలు - ఇంగ్లీషు వాళ్ళ ధర్మమా అని మన నోట్లోకి వచ్చిపడ్డ మాటలు ఎన్నో. షాంపూ కూడా ఆ వరసలోదే అనుకుంటాం. సీసా దొరలది, పరిమళం దొరలది, మాట మాత్రం మనదెందుకవుతుంది?

కాని, అవును, మనదే. షాంపూ అన్న మాట పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపడుచులాంటిది. ఇక్కడే పుట్టింది, సముద్రం దాటి కాపరానికి వెళ్ళింది. అక్కడ కట్టూ బొట్టూ మారాయి, స్వభావమే మారింది. వందేళ్ళు దాటాక చుట్టపుచూపుగా వస్తే కన్నవాళ్ళే గుర్తుపట్టలేకపోయారు. "ఎవరమ్మా నువ్వు?" అని అడిగి, కుర్చీ వేసి కూచోబెట్టారు. పరాయి మనిషనుకుని మర్యాద కూడా కాస్త ఎక్కువే చేశారు.

హిందీలో 'చాంప్‌నా' అని ఒక క్రియ ఉంది. నొక్కడం, ఒత్తడం, పిసకడం అని అర్థం. దాని ఆజ్ఞారూపం 'చాంపో'. అంటే 'ఒత్తు' అని. ఆ 'చాంపో'యే ఇంగ్లీషు వాళ్ళ నోట్లో షాంపూ అయింది. 1762 నాటి ఇంగ్లీషు రాతల్లోనే ఈ మాట కనిపిస్తుంది. అప్పటికది వస్తువు పేరు కాదు, సీసా కాదు. వట్టి క్రియ. ఒళ్ళు పట్టడం, కాళ్ళూ చేతులూ ఒత్తి బడలిక తీర్చడం - ఇదీ దాని అర్థం. అందులో జుట్టు లేదు, నీళ్ళు లేవు, నురగ అసలే లేదు. మన తెలుగు 'చంపు'కీ దీనికీ చుట్టరికం కలపకండి. అది చావు నుంచి వచ్చిన మాట, దీని కులగోత్రాలు వేరు. అసలు అర్థం హిందీవాళ్ళ దగ్గర ఇంకా భద్రంగానే ఉంది. 1957లో వచ్చిన 'ప్యాసా' సినిమాలో నూనెసీసా పట్టుకుని జానీ వాకర్ వీధుల్లో తిరుగుతూ పాడే మాలిష్ పాట గుర్తుందా? ఆ పాటలో వినిపించే 'చంపీ' మన షాంపూకి తోడబుట్టినదే.

ఇక్కడొక చిన్న వ్యాకరణం ముచ్చట ఉంది. పరాయి భాష నుంచి క్రియని తీసుకునేవాళ్ళు మామూలుగా దాని ధాతువునో, 'ఒత్తడం' అన్న రూపాన్నో తీసుకోవాలి కదా. ఇంగ్లీషు వాళ్ళు మాత్రం 'ఒత్తు!' అన్న రూపాన్ని పట్టుకుపోయారు. ఇదొక్కటే కాదు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చి 1886లో అచ్చువేసిన 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు తిరగేస్తే ఇలాంటివి ఇంకా దొరుకుతాయి. పట్టుకో, తగిలించు, తయారుచెయ్యి అనే హిందూస్తానీ ఆజ్ఞలన్నీ కంపెనీ దొరల ఇంగ్లీషులో క్రియలైపోయాయి. ఎందుకలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. దొర నౌకరుతో మాట్లాడే హిందూస్తానీలో ఉన్నవన్నీ ఆజ్ఞలే. 'ఒత్తుతున్నాను', 'ఒత్తనా?', 'చేతులు నొప్పెడుతున్నాయి, ఇక ఒత్తలేను' - ఇవి నౌకరు మాటలు. దొర చెవికి అవి ఎక్కవు. అందుకే ఆ క్రియ ఆజ్ఞగానే ఓడెక్కింది.

ఆ ఆజ్ఞని అక్కడ గౌరవమైన వృత్తిగా మార్చినవాడు మాత్రం మనవాడే. పేరు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. చిన్నతనంలోనే ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో బేకర్ అనే దొర వెంట చేరాడు. ఆయన వెంటే 1784లో ఐర్లండు వెళ్ళి కార్క్ పట్నంలో స్థిరపడ్డాడు. జేన్ డాలీ అనే ఐరిష్ అమ్మాయిని 1786లో పెళ్ళాడాడు. 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసి అచ్చువేయించాడు. భారతీయుడు ఇంగ్లీషులో రాసి ప్రచురించిన మొట్టమొదటి పుస్తకం అదే. 1810లో లండన్‌లో 'హిందూస్తానీ కాఫీ హౌస్' అని మన వంటలు పెట్టే హోటలు తెరిచాడు. పేరులో కాఫీ ఉన్నా అక్కడ పెట్టింది మసాలా కూరలు, హుక్కా. లండన్ నగరంలో భారతీయుడు నడిపిన మొదటి హోటలది. కాని అప్పటి దొరలకి ఇంట్లోనే వంటవాళ్ళున్నారు, హోటలుకొచ్చి కూర తినే అలవాటింకా కాలేదు. 1812కల్లా దివాలా తీశాడు.

అప్పటికి ఆయనకి యాభై దాటాయి, ఇంటినిండా పిల్లలు. మరొకరైతే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూచునేవారు. ఈయన ఇతరుల ఒంటిమీద చెయ్యి వేశాడు. 1814లో సముద్రపుటొడ్డునున్న బ్రైటన్ పట్నానికి వెళ్ళి ఆవిరిస్నానాల శాల పెట్టాడు. మూలికల ఆవిరి నింపిన ఫ్లానెల్ గుడారంలో రోగిని కూచోబెడతారు. గుడారానికి చొక్కా చేతుల్లాంటి తొడుగులుంటాయి. బయటినుంచి వాటిలో చేతులు దూర్చి రోగి కీళ్ళూ కండరాలూ ఒత్తుతారు. ఆ ఒత్తడానికి ఆయన పెట్టిన పేరే షాంపూయింగ్. కీళ్ళవాతం వాళ్ళూ, నడుంనొప్పి వాళ్ళూ వరసకట్టారు. బాగుపడి వెళ్ళినవాళ్ళు వదిలేసిన చంకకర్రల్ని శాల గోడలకి తగిలించేవారట. ఏ పత్రికలో ప్రకటన వేసినా ఇంత పని చెయ్యదు! 1822లో ఆ వైద్యం మీద పుస్తకం కూడా రాశాడు. నాలుగో జార్జి రాజు, ఆ తరవాత నాలుగో విలియం రాజు ఆయన్ని తమ ఆస్థాన షాంపూ వైద్యుడిగా నియమించారు.

మన ఆడవాళ్ళం గుర్తుపెట్టుకోవలసిన సంగతి మరొకటుంది. ఆ శాలలో స్త్రీల విభాగం చూసుకున్నది జేన్. గృహిణిగా పిల్లల్ని పెంచుకుంటూనే, భర్త దగ్గర ఒత్తడం నేర్చుకుని, వచ్చిన స్త్రీలకి తానే చికిత్స చేసింది. చరిత్రలో దీన్ మహమ్మద్ పేరు మిగిలింది కాని, ఆ స్నానశాల నడిచింది నాలుగు చేతుల మీద. దీన్ మహమ్మద్ 1851లో పోయాడు. ఆయన మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పెద్ద వైద్యుడై, నాడిని కొలిచే పరికరాన్ని మెరుగుపరిచి, రక్తపోటు మీద లోకానికి పనికొచ్చే పరిశోధనలు చేశాడు. తాత ఒళ్ళు ఒత్తాడు, మనవడు నాడి ఒత్తిడి కొలిచాడు. ఆ వంశానికి ఒత్తడం అలా కలిసొచ్చింది.

మరి ఒత్తడం కాస్తా తలరుద్దడం ఎప్పుడైంది? 1860 ప్రాంతాల్లో. ఇంగ్లండులో క్షౌరశాలల వాళ్ళు సబ్బునీళ్ళతో తల కడుగుతూ, వేళ్ళతో మాడు ఒత్తేవారు. ఆ ఒత్తడానికున్న పేరు మెల్లిగా కడగడానికి అంటుకుంది. తరవాత కడిగే ద్రవ్యానికీ అదే పేరైంది. 1903లో బెర్లిన్‌లో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ తలకి రుద్దుకునే పొడిని పొట్లాలు కట్టి అమ్మాడు. 1930లలో సబ్బు కలపని కృత్రిమ నురగ ద్రావకాలు అమెరికాలో బయటికొచ్చాయి. ఉప్పునీళ్ళలో కూడా నురగ వచ్చేసరికి జనం ఎగబడ్డారు. అలా చేతి పని పేరు సీసా పేరైంది. క్రియ పోయి నామవాచకం మిగిలింది.

ఇంగ్లీషువాళ్ళు అర్థం తారుమారు చేశారని నవ్వుకునే ముందు మన తలంటు సంగతి చూడండి. 'తల అంటడం' అంటే ఏమిటి? తలకి నూనె పట్టించి మర్దించడం. అంతే. కడగడం అందులో లేదు. నూనె అంటిన తరవాత నీళ్ళు పొయ్యాలి కాబట్టి 'తలంటి పొయ్యడం' అన్నారు. అంటడం ఒకటి, పొయ్యడం ఒకటి, రెండు పనులు. రానురాను 'పోసుకోవడం' రాలిపోయి తలంటు అంటేనే తలస్నానం అయింది. ఇప్పుడు నూనె చుక్కయినా లేకుండా తలంటుకున్నాం అంటున్నాం. షాంపూ బ్రైటన్‌లో నడిచిన దారిలోనే, మన తలంటు మన దొడ్లో నూతిగట్టు దగ్గర నడిచింది. ఒత్తడంతో మొదలై కడగడంతో ముగిసింది. ఒకదాన్నొకటి ఎన్నడూ చూడని రెండు మాటలు ఒకే కథ చెప్పడం చిత్రంగా లేదూ?

ఈ ఒత్తే విద్య మన దేశంలో చాలా పాతది. సంస్కృతంలో దీన్ని సంవాహనం అన్నారు. వాత్స్యాయనుడు లెక్కపెట్టిన 64 కళల్లో కేశమర్దనం కూడా ఉంది. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో సంవాహకుడనే ఒళ్ళుపట్టే మనిషి ఒక పాత్ర. జూదంలో సర్వం పోగొట్టుకుని చివరికి బౌద్ధభిక్షువవుతాడు. ఇదీ ఒక కళేనని ఒప్పుకున్న దేశం మనది.

మాది చీడికాడ. చోడవరానికి ఎగువన, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంటుంది. మా చిన్నప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. బొడ్డేరు మీద కోనాం జలాశయం మా మండలంలోనే. పైన కొండలు, కింద చెరుకు తోటలు. కొండ కుంకుడుకాయ ఇస్తే, పల్లం బెల్లం ఇచ్చేది. కొండమీదివాళ్ళు దిగొచ్చి కుంకుళ్ళూ, సీకాయా, చింతపండూ, కొండచీపుళ్ళూ అమ్మేవారు. ఆ సరుకు న్యాయమైన ధరకి కొనడానికే విశాఖపట్నంలో 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. కుంకుళ్ళూ సీకాయా ఇప్పటికీ అది కొంటోంది.

కుంకుడుకాయలో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. దానికి రెండు కొసలున్నాయనుకోండి. ఒక కొస జిడ్డుని పట్టుకుంటుంది, రెండో కొస నీళ్ళని పట్టుకుంటుంది. నీళ్ళు పోస్తే మధ్యవర్తిలా జిడ్డుని చెయ్యిపట్టి బయటికి లాక్కుపోతుంది. సబ్బు చేసే పనీ ఇదే, షాంపూ చేసే పనీ ఇదే. అందుకే చెట్లకి పేర్లు పెట్టిన లినేయస్ పండితుడు 1753లో ఈ చెట్టుకి 'సపిండస్' అని నామకరణం చేశాడు. సబ్బుకి లాటిన్ మాట, ఇండియాకి లాటిన్ మాట కలిపి కుట్టిన పేరది. భారతదేశపు సబ్బు అన్నమాట. మన పట్టుచీరలకీ, వెండి బంగారాలకీ ఈనాటికీ అంతకంటే నమ్మకమైన చాకిరీ చేసేదెవరు?

చాకిరీ అన్నాను కదా, తలంటులో చాకిరీ తక్కువేం కాదు. ఆదివారం పొద్దున్నే కాగు కింద మంట. రాతిమీద పొత్రంతో కాయలు చితక్కొట్టి, నల్లటి గింజలు ఏరి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, నురగ వచ్చేదాకా పిసికి, గుడ్డలో వడకట్టాలి. ఇంట్లో అయిదారు తలలుంటే అన్నిటికీ ఒక్కటే చేతుల జత - అమ్మవో, మామ్మవో. "కళ్ళు మూసుకోవే గుంటా, ఏటా గెంతులు?" అని మా మామ్మ ఒక ఉప్పుకల్లు నోట్లో పడేసేది. ఉప్పు నోట్లో ఉంటే కళ్ళు మండవట. మండేవి. కాని ఏడుస్తే ఉప్పు బయటపడుతుంది కనక నోరు మూసుకునేవాళ్ళం. ఆ మందు మహిమ అంతవరకే. తరవాత సాంబ్రాణి పొగ. ఆ పూట అన్నం తిని పడుకుంటే కుంభకర్ణుడి నిద్ర. అన్ని తలలూ అయ్యాక, చల్లారిన నీళ్ళతో తన తల తనే పోసుకునేది మామ్మ. ఆమె తల ఎవరంటారు?

అందుకే పొట్లాల షాంపూ వచ్చినప్పుడు దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మన దేశంలో సన్‌సిల్క్ సీసాలు 1964లోనే వచ్చినా అవి పట్నం అద్దాల బీరువాల్లోనే ఉండేవి. సీసా కొనలేని ఇంటికి చిన్న పొట్లం కట్టాలని తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయనకి తోచింది. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో తండ్రి పేరులోని అక్షరాలతో 'చిక్' షాంపూ మొదలుపెట్టాడు. అర్ధరూపాయికి ఒక పొట్లం వచ్చేసరికి పల్లెల్లో కిరాణా కొట్ల గుమ్మాలకి షాంపూ తోరణాలు వేలాడాయి. మా ఊరూ అంతే. పొలం పనికెళ్ళే ఆడమనిషికి కాయలు దంచే తీరికెక్కడిది? అయిదు నిమిషాల్లో తల కడుక్కుని బస్సెక్కే ఉద్యోగస్తురాలికి ఆ పొట్లమే ఆదివారం. కుంకుళ్ళు మంచివంటూ ఉపన్యాసం చెప్పేవాళ్ళు సాధారణంగా వాటిని దంచినవాళ్ళు కారు.

పోయిందంటారా, కుంకుడు పోలేదు. పోయింది ఒత్తే చెయ్యి. ఆ చేతి సంగతి చెప్పాలంటే 'అంటు' అన్న మాట దగ్గరికే మళ్ళీ వెళ్ళాలి.

అంటడం అంటే తాకడం. ఆ ఒక్క ధాతువు నుంచి మనవాళ్ళు ఎన్ని మాటలు తీశారో లెక్కపెట్టండి. తలంటు, అంటుమామిడి, దీపం అంటించడం. ఇవన్నీ శుభాలు. అంట్లు, అంటురోగం, పురిటి అంటు, అంటరానితనం. ఇవన్నీ అదే కడుపున పుట్టినవి. 'ముట్టు' కూడా అంతే. ముట్టడమంటే తాకడం. ఆ మాటే ఆడదాని నెలసరికి పేరైంది. ఆ మూడు రోజులూ తాకకూడదు కనక, తాకడమన్న మాటతోనే దాన్ని పిలిచారు. 'తలకి పోసుకున్నాను' అంటే ఏ అర్థంలో అంటున్నామో ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలిసేది. నాలుగో రోజు తలస్నానం మళ్ళీ మనుషుల్లో కలవడానికి చీటీ.

మూడు రోజులు గడిస్తే మనకి చీటీ దొరికేది. దొరకని వాళ్ళున్నారు. బిడ్డ పుట్టిన ఇంటికి నీళ్ళు పొయ్యడానికి మా వేపు ఒకావిడ వచ్చేది. కాళ్ళు బారచాపి కూచుని, పసిగుడ్డుని కాళ్ళమీద పడుకోబెట్టి, నూనె రాసి, చేతులూ కాళ్ళూ సాగదీసి, ముక్కు నొక్కి, మాడు నిమిరి, వేణ్ణీళ్ళు పోసేది. కాసేపటికి బిడ్డ ఆవలించి నిద్రపోయేది. దీన్ మహమ్మద్ బ్రైటన్‌లో రాజులకి చేసిందీ, ఆవిడ మా దొడ్లో పసివాళ్ళకి చేసిందీ ఒకే విద్య. ఆయన గోడలకి చంకకర్రలు వేలాడాయి. ఆవిడ మాత్రం పని అయ్యాక దొడ్డి గుమ్మం అవతల నిలబడి, దోసిలి పడితే పైనుంచి ఎత్తిపోసిన మంచినీళ్ళు తాగి, కొంగులో బియ్యం పోయించుకుని వెళ్ళేది. ఇంట్లో ప్రతి బిడ్డనీ అంటిన చేతికి, ఇంట్లో చెంబు అంటే హక్కు లేదు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. చెంబుకి ఆ కబురు అందడానికి మా ఊళ్ళో ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

దీన్ మహమ్మద్ పరదేశం వెళ్ళి ఒక ఆజ్ఞని వైద్యంగా మార్చుకున్నాడు. 'ఒత్తు' అని కసిరే మాటకి బదులు 'ఎలా ఒత్తారు?' అని అడిగే మాట తెచ్చుకున్నాడు. మన ఇళ్ళల్లో ఒత్తిన చేతుల్ని - అమ్మ చేతుల్ని, ఆ నీళ్ళుపోసినావిడ చేతుల్ని - అలా అడిగినవాళ్ళు లేరు. వాళ్ళ విద్యకి పుస్తకం లేదు, పేరు లేదు.

ఇప్పుడా చేతులకి విశ్రాంతి దొరికింది. మంచిదే. సీసాలో ఎన్ని మూలికలైనా పొయ్యొచ్చు, ఒక్క ఒత్తడాన్ని మాత్రం ఎవరూ పొయ్యలేరు. కనక ఆదివారం పూట ఏ షాంపూ అయినా వాడండి, ముందు కాస్త నూనె వెచ్చచేసి మాత్రం ఒకరి తల ఒకరు అంటండి. పిల్లల తల అమ్మ అంటితే, అమ్మ తల పిల్లలు అంటనివ్వండి. మగపిల్లాడైతే మరీ మంచిది. రెండున్నర శతాబ్దాల కిందట ఆజ్ఞగా ఓడెక్కిన ఆ క్రియ తిరిగి మన ఇంటికి చేరేటప్పుడు, 'ఒత్తు' అని కాకుండా 'ఒత్తనా?' అని చేరితే బాగుంటుంది.